జానెడు దారం

హిమజ ప్రయోగశాలలో 9.8 ఎప్పుడూ రాలేదు. అదీ ఆమె బాధ.

చేసేది పెద్ద ప్రయోగమేం కాదు. ఒక దారం, దాని కొసన ఒక ఇనుప గుండు. ఊపి వదిలి, ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. దారం పొడవు, ఆ సెకన్లు రెండూ తెలిస్తే భూమి వస్తువుల్ని ఎంత జోరుగా లాగుతోందో లెక్కలో తేలుతుంది. దాన్ని జీ విలువ అంటారు. పుస్తకంలో అది 9.8. పిల్లలతో చేయిస్తే మాత్రం ఒక బల్ల మీద 9.4, పక్క బల్ల మీద 10.1. మూడో బల్ల దగ్గర గుండు ఊడి ఎవరి కాలి మీదో పడుతుంది.

కొత్తగా వచ్చిన ప్యానెల్‌లో ఆ గొడవ లేదు. నల్లబల్లంత తెర. వేలితో తాకితే అందులో లోలకం ఊగుతుంది, పక్కన గడియారం తిరుగుతుంది, అడుగున జవాబు పడుతుంది. 9.8. ఎన్నిసార్లు తాకినా 9.8.

ఆ ప్యానెల్ మీద హిమజ చెయ్యి బాగా తిరిగింది. ఆమె పాఠాల వీడియోలు జిల్లాలో మిగతా టీచర్లు చూసి నేర్చుకుంటున్నారు. బాలికల ఉన్నత పాఠశాలకు ఆ ఏడు మంచి పేరు వచ్చిందంటే అది ఆమె వల్లే. ఆ సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుసు.

ఒక సోమవారం హెడ్మాస్టరు పరాంకుశం గారు ఆమెను పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. గురువారం జిల్లా నుంచి అధికారి వస్తున్నారు. ఆమె పాఠం చూస్తారు. చూశాక ప్రయోగశాల ఖాళీ చేయించి, ఆ గదిలో ఏసీ పెట్టి, ఇంకో రెండు ప్యానెళ్ళు బిగిస్తారు. జిల్లా టీచర్లందరికీ అక్కడే శిక్షణ. శిక్షణ ఇచ్చేది హిమజ.

"మీరు చేయాల్సింది ఒక్క సంతకమేనమ్మా," అన్నారు పరాంకుశం గారు.

కాగితంలో ఒకే వాక్యం ఉంది. ప్రయోగశాలలోని పరికరాలు కాలం చెల్లినవి, బోధనకు పనికిరావు.

హిమజ పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"రేపు ఇస్తాను సార్."

ఆ ప్రయోగశాల రూతమ్మ టీచరుది. అంటే ఆమె సొంతం కాదు. ఇరవై ఆరేళ్ళు అందులో పాఠం చెప్పింది. ప్రభుత్వం ఇచ్చినవి కొన్ని, అడిగి తెచ్చినవి కొన్ని, తుక్కు కొట్లో ఏరి బాగుచేసినవి కొన్ని. హిమజ ఆ గదిలోనే చదువుకుంది. తొమ్మిదో తరగతిలో ఆమె రాసిన రికార్డు పుస్తకం ఇప్పటికీ అక్కడి అద్దాల బీరువాలో ఉంది. లోలకం ప్రయోగం, జీ విలువ 9.80, పదికి పది మార్కులు. 'నమూనా' అని అట్ట మీద రూతమ్మ టీచరు చేతిరాత. తర్వాత వచ్చిన పిల్లలంతా దాన్ని చూసి రాసినవాళ్ళే.

ఎవరో చెప్పి టీచరుకు తెలియడం బాగుండదని, ఆ సాయంత్రం బడి వదలగానే హిమజ ఆవిడ ఇంటికి వెళ్ళింది. అడగడానికి కాదు. చెప్పడానికి.

చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. రూతమ్మ టీచరు వసారాలో పీట మీద కూర్చుని పక్కింటివాళ్ళ మిక్సీని ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టుకుంది. రిటైరై ఎనిమిదేళ్ళయింది. కళ్ళద్దాలు మారాయి కానీ మనిషి మారలేదు.

"రావే. ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇటియ్యి."

హిమజ ఇచ్చింది. గుమ్మం పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుని, దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పేసింది. ప్యానెల్ సంగతి, అధికారి సంగతి, గది సంగతి, కాగితం సంగతి. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

"మీకు బాధగా ఉంటుందని తెలుసు టీచర్. కానీ మీ బల్లల మీద ఒక్కసారన్నా సరైన జవాబు రాదు. పిల్లలకి తప్పు జవాబు నేర్పడానికి ఒక గది ఎందుకు చెప్పండి?"

రూతమ్మ అరిగిపోయిన కార్బన్ ముక్కను బయటికి లాగి వెలుతురుకు పెట్టి చూసింది.

"తెర మంచిదేనా?"

"చాలా మంచిది."

"గ్రహాలు తిరగడం చూపిస్తుందా?"

"ఎంత బాగా చూపిస్తుందో! శని చుట్టూ వలయాలు కూడా కనిపిస్తాయి."

"నేను బత్తాయిలతో చూపించేదాన్ని. పీరియడు అయ్యేసరికి గురుగ్రహాన్ని ఎవత్తో ఒలుచుకు తినేసేది." ఆమె కార్బన్ ముక్కను పక్కన పెట్టింది. "మంచిదే అయితే వాడు. నేనుంటే నేనూ వాడేదాన్ని."

ఇంత తేలిగ్గా తేలుతుందని హిమజ అనుకోలేదు. దెబ్బలాటకు తయారై వచ్చిన మనిషికి అవతలివాళ్ళు ఊఁ అంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"అయితే సంతకం పెట్టమంటారా?"

"నువ్వు అడగడానికి రాలేదుగా."

రూతమ్మ లేచి లోపలికి వెళ్ళి ఒక దారపు ఉండ, బట్టలు కుట్టేవాళ్ళ టేపు, ఒక పెద్ద ఇనుప నట్టు తెచ్చింది. గుమ్మం పైన క్రిస్మస్‌కు నక్షత్రం వేలాడదీసే కొక్కెం ఉంది. దారాన్ని అందులోంచి దూర్చి, ఒక కొసకు నట్టు కట్టి, రెండో కొసను పక్కనున్న కిటికీ ఊచకు చుట్టింది.

"కొలువు."

"టీచర్, నాకు ఇది—"

"కొలువు."

హిమజ కొలిచింది. కొక్కెం నుంచి నట్టు మధ్యకు సరిగ్గా ఒక మీటరు.

"ఇరవై ఊపులు."

హిమజ సెల్‌ఫోనులో గడియారం పెట్టి నట్టు వదిలింది. లెక్కపెట్టింది. నలభై ఒక్క సెకన్లు. పక్కనున్న పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క కట్టింది. 9.4.

"మళ్ళీ," అంది రూతమ్మ మిక్సీ దగ్గర నుంచే.

ఈసారి ముప్పై తొమ్మిదిన్నర. 10.1.

"చూశారా! నేననేది అదే."

"మళ్ళీ."

నలభైన్నర. 9.6. హిమజకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, రెండు డిగ్రీలు, జిల్లా అంతా తన పాఠాలు చూస్తోంది. ఇక్కడ నట్టుకు ఊపులు లెక్కపెడుతోంది.

ఫోను మోగింది. పరాంకుశం గారు. వసారాలో మాట తెగుతోందని హిమజ గేటు దాకా వెళ్ళింది.

"అమ్మా, ఆ కాగితం అయిందా? పైనుంచి రెండుసార్లు అడిగారు. గురువారం పొద్దున్నే చేతిలో పెట్టాలంట."

"రేపిస్తానన్నాను కదా సార్."

"మీ పేరు శిక్షణ పట్టికలో ఎక్కించేశారమ్మా. ఇప్పుడు ఇటూ అటూ అంటే నాకు మాట వస్తుంది."

ఆమె తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రూతమ్మ మిక్సీకి కొత్త కార్బన్ ముక్క బిగిస్తోంది.

"ఇంకొక్కసారి. ఇదే ఆఖరు," అంది హిమజ. ముక్కాలిపీట మీద కూర్చుంది. నట్టు వదిలింది. ఫోనువైపు చూస్తూ, మనసులో పరాంకుశం గారికి జవాబులు చెబుతూ, ఊపులు లెక్కపెట్టింది. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై.

ముప్పై ఆరు.

ముప్పై ఆరేమిటి? ముందు మూడుసార్లూ నలభైకి అటూ ఇటూ వచ్చింది. రెండు ఊపులు ఎక్కువ లెక్కపెట్టి ఉంటాను అనుకుంది. అంతే అయి ఉంటుంది. ఫోను మాటల్లో పడి లెక్క తప్పింది. మీటరు దారానికి ఇరవై ఊపులకు నలభై పాయింట్ ఒకటి రావాలి. 9.8కి ఎంత కావాలో ఆమెకు తొమ్మిదో తరగతి నుంచి కంఠతా వచ్చు.

నలభై పాయింట్ ఒకటి అని రాసింది. కింద 9.8 అని రాసి గీత గీసింది.

"వచ్చింది టీచర్! పోనీలెండి, ఒక్కసారన్నా వచ్చింది."

రూతమ్మ పీట మీంచి లేచింది. టేపు తీసుకుని ఒక కొసను కొక్కేనికి ఆనించి, రెండో కొసను నట్టు దాకా దించి, బొటనవేలితో నొక్కి పట్టి హిమజ ముఖం ముందు పెట్టింది.

ఎనభై.

హిమజ కిటికీ వైపు చూసింది. ఊచ చుట్టూ దారం ఇందాకటికంటే ఎక్కువ చుట్లు తిరిగి ఉంది. జానెడు దారం.

 వీధిలో ఎవరో మేకను అదిలించారు.

"మీరు మోసం చేశారు," అంది హిమజ.

"చేశాను."

"నేను అటు వెళ్ళినప్పుడు లాగేశారు."

"లాగాను. దారం వరకే నాది."

హిమజ చేతిలో క్యాలెండరు కాగితం ఉంది. ఆమె దాన్ని మడిచింది. మళ్ళీ మడిచింది.

రూతమ్మ ముక్కాలిపీట పక్కన నిలబడి, మొదటిసారి మెల్లిగా అడిగింది.

"హిమజా. అప్పుడు కూడా ఇంతేనా?"

బీరువాలో ఉన్న రికార్డు గురించి అడుగుతోందని హిమజకు తెలుసు. పదికి పది. నమూనా. ఆ రోజు గుండు ఊడిపోయింది, గంట కొట్టేశారు. ఇంటి దగ్గర అన్నం తింటూ 9.80 నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోయి ఆరు వరుసలు నింపింది. ఆరింటికీ ఆరు అతికినట్టు సరిపోయాయి. టీచరు ఆ రికార్డు తరగతిలో అందరికీ చూపించింది.

హిమజ లేచింది. చెప్పులేసుకుని వచ్చేసింది.

కోపం రాత్రికి తగ్గలేదు. తెల్లారాక కూడా తగ్గలేదు. కాకపోతే ఎవరి మీదో తెలియడానికి కొంత టైము పట్టింది.

మంగళవారం ఆమె పరాంకుశం గారి ఎదుట పడకుండా తిరిగింది. బుధవారం మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక ప్రయోగశాల తాళం తీసి, అద్దాల బీరువా తెరిచి, తన రికార్డు బయటికి తీసింది. అట్ట మీద 'నమూనా' అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేసింది. పక్కన రాసింది: ఈ రీడింగులు తీసినవి కావు. అల్లినవి. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. అందరికీ కనబడేలా ముందు వరుసలోనే పెట్టి అద్దం మూసింది.

తర్వాత ఆరు స్టాండ్లు, ఆరు గుండ్లు, దారం, కత్తెర తీసుకుని తొమ్మిదో తరగతి గదికి వెళ్ళింది.

గురువారం పదిన్నరకు అధికారి వచ్చారు. చెడ్డమనిషి కాదు. ఆయన నెత్తిన ముప్పై బళ్ళు ఉన్నాయి, ముప్పై బళ్ళ నుంచి ముప్పై కాగితాలు తెమ్మన్న మరో అధికారి ఉన్నారు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "కానీయండమ్మా," అన్నారు. పక్కన పరాంకుశం గారు కాగితాన్ని ఒక అట్టకు తగిలించి ఒళ్ళో పెట్టుకున్నారు. పెన్ను కూడా తగిలించారు.

హిమజ ప్యానెల్ మీద పాఠం మొదలుపెట్టింది. బాగా చెప్పింది. కావాలని పాడుచేసే రకం కాదు ఆమె. చంద్రుడి మీద లోలకం ఎంత నెమ్మదిగా ఊగుతుందో చూపించింది. గురుగ్రహం మీద ఎంత జోరుగా ఊగుతుందో చూపించింది. పిల్లలు ఆఁ అని నోళ్ళు తెరిచారు. మళ్ళీ భూమికి తెచ్చింది. తెర అడుగున 9.8 పడింది.

"భేష్," అన్నారు అధికారి. లేవబోయారు.

"ఇంకో ఇరవై నిమిషాలుంది సార్," అంది హిమజ. పిల్లల వైపు తిరిగింది. "వెనక బల్లల దగ్గరికి వెళ్ళండి. బల్లకు ఆరుగురు. ఇరవై ఊపులు, మూడుసార్లు. ఎంతొస్తే అంత బోర్డు మీద వేయండి."

నల్లబల్ల మీద అప్పటికే రాసి ఉంది: దారం పొడవు ఒక మీటరు.

గదిలో సంత మొదలైంది. "ఒసే, ఊపు అటు నుంచి ఇటొస్తేనే ఒకటి! నువ్వు రెండు లెక్కేస్తున్నావ్!" "నీ జడ తియ్యవే, దారానికి తగులుతోంది!" అధికారి వాచీ చూసుకున్నారు. పరాంకుశం గారు ముఖం తుడుచుకున్నారు.

ఒక్కో బల్ల నుంచి ఒక్కో పిల్ల వచ్చి అంకె వేసింది. 9.6. 10.1. 9.4. 9.9. 9.5.

ఆరో బల్ల నుంచి ఎవరూ రాలేదు. అక్కడ గుసగుసలు నడుస్తున్నాయి.

"ఏమైంది అక్కడ?" అన్నారు అధికారి.

మస్తాన్‌బీ లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఆ పిల్లను ఏదన్నా అడిగితే నేల చూపులు చూడదు, అడిగినవాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. టీచర్లలో సగంమందికి అది నచ్చదు.

"పన్నెండు పాయింట్ రెండు సార్."

తరగతి గొల్లున నవ్వింది. అధికారి కూడా నవ్వారు.

"పన్నెండేమిటమ్మా! అదిగో, తెర మీద ఎంతుంది?"

"9.8 సార్."

"మరి? లెక్కలో ఎక్కడో పొరపాటు పోయింది. 9.8 వేసేయ్."

"లెక్క నలుగురం చూశాం సార్. మూడుసార్లు ఊపాం. మూడుసార్లూ ముప్పై ఆరు సెకన్లే వచ్చింది."

"భూమి మీద అంత రాదమ్మా."

"మా బల్ల మీద వచ్చింది సార్."

ఈసారి నవ్వు రాలేదు. పరాంకుశం గారు కుర్చీలోంచి సగం లేచి, "ఏయ్, సార్ చెబుతుంటే ఎదురు మాట్లాడతావేమే? 9.8 వెయ్యి, అయిపోద్ది," అన్నారు.

మస్తాన్‌బీ చేతిలో సుద్దముక్క ఉంది. బోర్డు వైపు చూసింది. హిమజ వైపు చూసింది.

హిమజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒక్క మాట అంటే ఆ పిల్లకు దారి దొరుకుతుంది. ఆమె అనలేదు. అనకుండా ఉండటానికి చీర కొంగు పిడికిట్లో పట్టుకుంది.

 తెర మీద లోలకం ఆగకుండా ఊగుతోంది.

"రాని అంకె ఎట్టా వేస్తాం సార్?" అంది మస్తాన్‌బీ. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, "ఊపులు సరిగ్గానే ఉన్నాయి. లెక్క సరిగ్గానే ఉంది. ఇంక..." అని ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. "ఏయ్, ఆ మీటరు స్కేలు అందుకోండే."

దారానికి స్కేలు ఆనించింది. వంగి చూసింది. ఇంకోసారి చూసింది. నెమ్మదిగా తల తిప్పింది.

"టీచర్. ఇది మీటరు కాదు. ఎనభై సెంటీమీటర్లే ఉంది."

"అవునా?" అంది హిమజ.

"మీరు బోర్డు మీద అబద్ధం రాశారు."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు.

"రాశాను," అంది హిమజ.

మస్తాన్‌బీ రెండు క్షణాలు ఆమెను కోపంగా చూసింది. తర్వాత చకచకా నడిచి బోర్డు దగ్గరికి వచ్చి, 'ఒక మీటరు' అన్నదాన్ని అరచేత్తో చెరిపేసి 'మా బల్లకు 80' అని రాసింది. అక్కడే నిలబడి, సుద్దముక్కతో లెక్క కట్టింది.

9.75 వచ్చింది. 9.75 అనే వేసింది.

అధికారి అంతా చూశారు. ఆయనకు ఏదో అర్థమైనట్టే ఉంది. కానీ అర్థమైనదాన్ని రాసుకోవడానికి ఆయన పట్టికలో గడి లేదు. లేచి, చొక్కా సరిచేసుకుని, చెయ్యి చాపారు. పరాంకుశం గారు అట్ట అందించారు. అది హిమజ ముందుకు వచ్చింది.

"పాఠం బాగుందమ్మా. ఈ తమాషాలు తర్వాత. సంతకం పెట్టండి."

"పెట్టను సార్."

"ఏమన్నారు?"

"పెట్టనన్నాను."

"మీ పేరు శిక్షణకు పంపించేశాం. తెలుసా?"

"తీసేయండి."

"సాయంత్రం పెడతారు సార్," అన్నారు పరాంకుశం గారు కంగారుగా. "కాస్త పని ఒత్తిడిలో ఉన్నారు. సాయంత్రం పెట్టేస్తారు."

"సాయంత్రం కూడా పెట్టను సార్," అంది హిమజ, పరాంకుశం గారి వైపు తిరిగి, మర్యాదగానే.

సోమవారం మెమో వచ్చింది. పై అధికారుల ఆదేశాన్ని ఎందుకు పాటించలేదో, ప్రయోగశాల గదిని ఎందుకు అప్పగించరాదో మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే చర్య తీసుకుంటారు.

మూడు రోజులూ బడి వదిలాక హిమజ ప్రయోగశాలలోనే ఉంది. దుమ్ము తుడిచింది. తుమ్మింది. ప్రతి పరికరాన్నీ బల్ల మీద పెట్టి పనిచేయించి చూసింది. రెండో రోజు మస్తాన్‌బీ, ఇంకో నలుగురు పిలవకుండానే వచ్చి స్క్రూలు బిగించారు. మూడో రోజు సాయంత్రం ఒక తెల్లకాగితం తీసుకుని చర్చి వెనక వీధికి నడిచింది.

రూతమ్మ టీచరు ఈసారి ఎవరిదో ఇస్త్రీపెట్టె విప్పింది.

"కూర్చో. ఆ తీగ పట్టుకో."

హిమజ ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కాగితం అందించింది. అందులో రెండు వాక్యాలు ఉన్నాయి. పరికరాలన్నిటినీ స్వయంగా పరీక్షించాను. అవి బోధనకు పనికివస్తాయి.

రూతమ్మ కళ్ళద్దాలు పైకి జరిపి చదివింది.

"మొత్తం ఎన్ని?"

"నలభై ఒకటి. ఒక్కోటి మూడుసార్లు చూశాను."

"అన్నీ పనిచేస్తున్నాయా?"

హిమజ తీగ కింద పెట్టింది.

"ఏడు చేయడం లేదు. అమ్మీటర్లు రెండు పోయాయి. పెద్ద కటకం పగిలింది. ఇంకో నాలుగు తుప్పుపట్టాయి." ఆగి, గొంతు తగ్గించింది. "అవి రాస్తే వాళ్ళు ఆ ఏడింటినే పట్టుకుంటారు టీచర్. ముప్పై నాలుగు ఎవరికీ కనబడవు. గది పోతుంది."

 రూతమ్మ కాగితం తిరిగి ఇచ్చేసింది. పక్కన గూట్లో చుట్టి పెట్టిన టేపు ఉంది. దాన్ని తీసి, చుట్ట విప్పి, మళ్ళీ నెమ్మదిగా వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

హిమజ ఆ వేలినే చూస్తూ కూర్చుంది. సగం చుట్టడం అయ్యేదాకా చూసింది.

కాగితం నాలుగు ముక్కలు చేసింది. సంచిలోంచి ఇంకొకటి తీసి మోకాలి మీద పెట్టుకుని రాసింది. మొదటి వరుస: ఏడు పరికరాలు పనిచేయడం లేదు. వాటి కింద ఏడు పేర్లు. తర్వాత: ముప్పై నాలుగు పనిచేస్తున్నాయి. వాటి కింద ముప్పై నాలుగు పేర్లు. అన్నిటికీ కింద, కాస్త పెద్ద అక్షరాలతో: గది ఖాళీ చేయను.

సంతకం పెట్టి అందించింది.

రూతమ్మ టీచరు పైనుంచి కిందికి ఒక్కో పేరూ చదివింది. ఏ పేరు దగ్గరా ఆగలేదు. ఆఖరి వరుస దగ్గర మాత్రం ఆగింది.

"దీని కింద గీత గియ్యి," అంది.